పదో సైనికుడు

మా చిన్నప్పుడు కాకినాడలో గోళీలాడుతుంటే ఒక్క మాటతో ఆట ఆగిపోయేది. "తొండి!" ఎవరు అన్నారో, ఎవర్ని అన్నారో తేలేదాకా గోళీలు ఎక్కడివక్కడ ఉండాల్సిందే. గీత దాటి వేశాడా, గురి చూసే వంకతో జానెడు ముందుకి జరిగాడా, ఇవన్నీ తేల్చడానికి పెద్దవాళ్ళెవరూ ఉండేవారు కాదు. మాలో మేమే తేల్చుకోవాలి. ఒక్కోసారి అన్నీ పద్ధతి ప్రకారమే జరిగేవి, ఎవరూ గీత దాటేవారు కాదు. అయినా ఓడినవాడి మొహం చూస్తే గెలిచినవాడికీ లోపల ఏదో కలుక్కుమనేది.

ఆ మాట మళ్ళీ నా నోట్లోకొచ్చింది చాలా ఏళ్ళ తర్వాత, టెక్సాస్‌లో, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు.

2006లో నేను ఇర్వింగ్‌లో ఉండేవాణ్ణి. డాలస్ విమానాశ్రయంలో దిగే విమానాలు మా అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి కనబడేవి. ఆఫీసులో పక్క సీటాయన ఒకరోజు వాడేసిన జాయ్‌స్టిక్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏసెస్ హై అనే ఆట గురించి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలతో, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చే మనుషులతో ఒకే ఆకాశంలో కొట్లాట. హైటెక్ క్రియేషన్స్ అనే చిన్న సంస్థ 2000లో మొదలుపెట్టింది. అప్పట్లో ఆ సంస్థ ఉన్నది గ్రేప్‌వైన్‌లో, అంటే విమానాశ్రయానికి అటు పక్కనే! రెండు వారాలు ఉచితం, ఆ తర్వాత నెలకి 14 డాలర్ల 95 సెంట్లు. రెండు వారాలు అయ్యేలోపే కార్డు నంబరు ఇచ్చేశాను.

అందులో మూడు దేశాలు. పేర్లు చదరంగం నుంచి తీసుకున్నారు: బిషప్‌లు, నైట్లు, రూక్‌లు. మన లెక్కలో శకటాలు, గుర్రాలు, ఏనుగులు. నేను ఏనుగుల వైపు. ఆటలో నా పేరు కాజా. ఏ దేశంవాడైనా సులువుగా పలుకుతాడని పెట్టుకున్నాను, మా ఊరి పేరు అడిగితే చెప్పుకోవడానికీ బాగుంటుందని.

రెండు దేశాలు కాకుండా మూడు పెట్టడంలో చాలా తెలివి ఉందని మెల్లగా అర్థమైంది. ఒకడు బలిసిపోతే మిగతా ఇద్దరూ వాడి మీద పడతారు, లెక్క సరిపోతుంది. కానీ నలిగిపోతున్న మూడోవాడి మీదకి ఇద్దరూ రెండు వైపుల నుంచి వచ్చిన రాత్రులు కూడా నేను చూశాను. పక్కవాడితో పోరాడితే దెబ్బలు తగులుతాయి, పడిపోయినవాడి మీదకెళ్తే స్థావరాలు దొరుకుతాయి. మనుషులకి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

స్థావరం పట్టడం ఎలాగో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ప్రతి విమాన స్థావరం పక్కనా ఒక చిన్న ఊరు ఉంటుంది. ఆ ఊళ్ళో కట్టడాలన్నీ కూల్చాలి. కాపలా తుపాకులు లేపేయాలి. తర్వాత ఊరి మధ్యలో మ్యాప్ రూమ్ అనే చిన్న గదిలోకి పదిమంది సైనికులు పరుగెత్తుకుంటూ వెళ్ళాలి. పదిమందీ వెళ్ళాలి. తొమ్మిదిమంది వెళ్తే ఒక్కడూ వెళ్ళనట్టే. వాళ్ళని తెచ్చేది సీ-47 రవాణా విమానం, లేదా నేల మీద వచ్చే ఎం-3 బండి. రెండిట్లోనూ సరిగ్గా పదిమందే పడతారు. ఒక్క ప్రాణం కూడా ఎక్స్‌ట్రా ఉండదు. ఈలోపు ఆలస్యమైతే కూలినవి ఒక్కొక్కటే మళ్ళీ లేచి నిలబడతాయి.

అందుకని ఎన్ని పనులు ఒకేసారి జరగాలో చూడండి. బరువైన బాంబర్లు ముందుగా వచ్చి హ్యాంగర్లు, అంటే విమానాలుండే షెడ్లు, కొట్టాలి. ఒకసారి పడితే హ్యాంగర్ పదిహేను నిమిషాల దాకా లేవదు, ఆ పదిహేను నిమిషాలూ అవతలివాళ్ళు అక్కడ నుంచి ఎగరలేరు. ఫైటర్లు రెండు బాంబులేసుకుని ఊరి మీదకి దిగాలి. ఇద్దరు ముగ్గురు బాగా పైన తిరుగుతూ పక్క స్థావరం నుంచి వచ్చేవాళ్ళని ఆపాలి. రవాణా విమానం మాత్రం ఎక్కడో కొండ చాటున గుండ్రంగా తిరుగుతూ, "రా" అన్న పిలుపు కోసం ఎదురుచూడాలి. దానికి తుపాకీ లేదు, వేగం లేదు. మ్యాపులో ఒక గడి 25 మైళ్ళు. అది దాటడానికి దానికి ఎనిమిది నిమిషాలు పట్టేది.

అమెరికావాళ్ళు ఆ విమానాన్ని గూన్ అనేవాళ్ళు. నాకు మాత్రం అది డకోటా. మన వైమానిక దళంలో దాని పేరు అదే. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సైనికుల్ని దింపి ఆ విమానాశ్రయం చేజారిపోకుండా కాపాడింది ఆ డకోటాలే. మా ఊళ్ళో మాత్రం పొగలు కక్కుతూ మెల్లగా వెళ్ళే పాత బస్సుని డకోటా బండి అనేవాళ్ళు. రెండూ నాకు ఇష్టమే.

ఆటలో మా జట్టుకి, అంటే స్క్వాడ్‌కి, పెద్దాయన ఒక రిటైరైన మనిషి. నా గురువు ఆయనే. మూడు నెలలపాటు ప్రతి రాత్రీ నాతో డకోటా మాత్రమే నడిపించాడు. అందరూ ఫైటర్లెక్కి దూకుతుంటే నాకు మనసు ఆగేది కాదు. ఆయన మాత్రం, స్థావరాన్ని గెలిచేది డకోటా నడిపేవాడే, మిగతావాళ్ళు దారి వేస్తారంతే అనేవాడు. చెట్ల కొమ్మలు తాకేంత కిందుగా లోయ వెంట ఎలా రావాలో, అంత కిందుగా వస్తే శత్రువు రాడార్‌లో చుక్క ఎందుకు పడదో, ఊరికి ఏ వైపు నుంచి వస్తే సైనికులు తక్కువ దూరం పరుగెత్తుతారో, అన్నీ చేయి పట్టుకుని నేర్పించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఓపిక ఉద్యోగంలో కూడా నాకు పనికొచ్చింది.

ఇక తగువుల సంగతి. ప్రతి రాత్రీ 200వ చానల్‌లో ఇదే గోల. మూడు దేశాలవాళ్ళూ కలిసి మాట్లాడుకునే చానల్ అది. నలభైమంది గుంపుగా వచ్చి నలుగురున్న స్థావరాన్ని తొక్కేస్తే అది ఎత్తుగడా? హ్యాంగర్లు కూల్చకుండా వదిలేసి, రన్‌వే మీద చక్రాలు కదిలీ కదలకముందే ఒక్కొక్కణ్ణీ కాల్చి లెక్క పెంచుకోవడాన్ని వల్చింగ్ అనేవాళ్ళు, రాబందుల పని అని. అది తప్పా? తప్పయితే అవతలివాడు మళ్ళీ మళ్ళీ అదే రన్‌వే మీదకి ఎందుకు వస్తున్నాడు? హ్యాంగర్లన్నీ ముందే కూల్చేస్తే ఎవరూ ఎగరరు, రాబందుల పనే ఉండదు, కానీ పోరాటమూ ఉండదు. ఇందులో ఏది మర్యాద? నేను రెండు పక్కలా వాదించాను, రెండు పక్కలా నిజాయితీగానే వాదించాను.

ఆట నడిపేవాళ్ళు దీనికి ఒక మందు వేశారు. ప్రతి విమానానికీ ఒక అంకె ఉండేది. బలమైన విమానానికి చిన్న అంకె, బలహీనమైనదానికి పెద్ద అంకె. ఏ దేశం వైపు జనం బాగా పెరిగిపోతే ఆ దేశానికి చిన్న అంకెల విమానాలు మూసేస్తారు. లా-7 లేదు, మేలైన స్పిట్‌ఫైర్ లేదు, పీ-40 తీసుకుని వెళ్ళమంటారు. మావాళ్ళు మండిపడేవాళ్ళు, డబ్బు కట్టి ఆడుతుంటే నచ్చిన విమానం ఎందుకివ్వరని. నాకు మాత్రం అది న్యాయమనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది. చెడుగుడులో ఒక వైపు పెద్దపిల్లలందరూ చేరిపోతే మేం కూడా వాళ్ళలో ఇద్దర్ని రెండో వైపుకి పంపేవాళ్ళం. అటు వెళ్ళినవాడు ఏడ్చుకుంటూ వెళ్ళేవాడు, కాసేపటికి ఆటలో పడి మరిచిపోయేవాడు.

2008 చలికాలంలో ఒక రాత్రి జరిగింది చెప్పాలి.

మేం పద్నాలుగుమందిమి. ఎదురుగా ఎంతమంది ఉన్నారో సరిగ్గా తెలియదు కానీ తక్కువేమీ కాదు. నేను ముందు పీ-47 అనే ఫైటర్‌లో రెండు బాంబులతో ఊరి మీదకి వెళ్ళాను. ఒక బాంబు సరిగ్గా పడింది, రెండోది గుడి లాంటి పొడుగు కట్టడం పక్కన మట్టిలో పడింది. తుపాకుల దెబ్బకి ఇంజన్ నూనె కారిపోయి నేనూ పడిపోయాను. పెద్దాయన వెంటనే అన్నాడు, "కాజా, గూన్ తీసుకో."

డకోటా తీసుకుని కొండ వెనక్కి వచ్చాను. హెడ్‌ఫోన్‌లో అందరి గొంతులూ ఒకేసారి. వాళ్ళ ఫైటర్లు పక్క స్థావరం నుంచి విడతలు విడతలుగా వస్తూనే ఉన్నాయి. రెండుసార్లు ఊరు పడింది, రెండుసార్లూ నేను రాకముందే కట్టడాలు లేచిపోయాయి. నలభై నిమిషాలు. మావాళ్ళు పడి, మళ్ళీ ఎగిరి, మళ్ళీ వచ్చారు. అవతలివాళ్ళూ అంతే. ఎవరూ 200వ చానల్‌లో ఒక్క మాట కూడా అనలేదు, తిట్టుకోవడానికి ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు. మూడోసారి ఊరు పడగానే పెద్దాయన గొంతు మామూలుగా వినబడింది, "ఇప్పుడు రా."

లోయలోంచి పైకొచ్చాను. వెనక నుంచి ఒకడు నన్ను చూశాడు, ఎడమ రెక్కకి చిల్లులు పడ్డాయి, పెద్దాయన వాణ్ణి లాక్కుపోయాడు. ఊరి చివర సైనికుల్ని వదిలాను. పది గొడుగులు. లెక్కపెట్టాను. నేల తాకి, లేచి, పరుగు మొదలుపెట్టారు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు గదిలోకి వెళ్ళారు. ఎక్కడి నుంచో ఓస్ట్‌విండ్ తుపాకీ మోత మొదలైంది. మేం ఓస్టీ అనేవాళ్ళం దాన్ని, విమానాల్ని కొట్టే ట్యాంకు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదోవాడు గుమ్మానికి పది అడుగుల దూరంలో పడిపోయాడు.

హెడ్‌ఫోన్‌లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడన్నాడు, "వాడికి ముందే తెలుసు." అంతే, అందరూ అందుకున్నారు. రెండో ఖాతా పెట్టుకుని మా వైపు చేరి మా మాటలు విని అవతలికి చేరవేసే గూఢచారులున్నారని అప్పట్లో అందరికీ అనుమానం. లేకపోతే ఆ ఓస్టీ అంత సరిగ్గా గుమ్మం ఎదురుగా ఎలా ఉంటుంది? నేనూ నమ్మాను. తొండి, తొండి అని తెలుగులోనే అరిచాను గదిలో కూర్చుని. రూమ్మేట్ తలుపు తీసి చూసి వెళ్ళాడు.

ఆ ఓస్టీ మనిషి నాకు ఒక సెల్యూట్ పంపాడు. గట్టి పోరాటం తర్వాత అక్కడ అది మర్యాద. నేను చూశాను, ఆట మూసేశాను.

2009 చివర్లో కాకినాడ తిరిగొచ్చేశాను. జాయ్‌స్టిక్ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నాను. మేడ మీద గదిలో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి మళ్ళీ మొదలుపెట్టాను. కానీ ఇక్కడ రెండు తేడాలొచ్చాయి.

ఒకటి దూరం. సర్వర్ అక్కడెక్కడో, నేనిక్కడ. ఆ ఆటలో గుండు తగిలిందా లేదా అనేది కాల్చినవాడి కంప్యూటరే తేలుస్తుంది. నా తెర మీద తగిలితే తగిలినట్టే. అవతలివాడి తెర మీద నేను అప్పటికి ఇంకా అంత దగ్గరికి రాలేదు కూడా! వాడు పక్కకి తప్పుకున్నాననుకుంటాడు, అయినా రెక్క ఊడిపోతుంది. కొందరు దీన్ని అన్యాయమన్నారు. నేను చాలా ఆలోచించాను దీని మీద. వేరే దారి లేదు. ప్రతివాడూ తన కళ్ళకి కనబడినదాన్నే కాల్చగలడు. ఈ పద్ధతి లేకపోతే కాకినాడవాడు టెక్సాస్‌వాడితో అసలు ఆడలేడు.

రెండోది పొద్దు. ఇర్వింగ్‌లో నేను రాత్రి ఎనిమిదికి కూర్చుంటే ఆకాశం నిండా జనం. కాకినాడలో శనివారం సాయంత్రం ఐదుకి కూర్చుంటే టెక్సాస్‌లో తెల్లవారుజాము ఐదున్నర. మ్యాపు ఖాళీ. మూడు దేశాలూ కలిపినా కొద్దిమంది. రాత్రంతా వందలమంది కొట్టుకుని కాపాడుకున్న స్థావరాలు కాపలా లేకుండా పడున్నాయి.

మొదటి నెలలో నేను ఆరు స్థావరాలు పట్టాను. ఒక్కణ్ణే. ఊరిని మెల్లగా కూల్చడం, మళ్ళీ వెళ్ళి ఎం-3 బండి తెచ్చుకోవడం, పదిమందినీ దింపి గదిలోకి పంపడం. ఎదురు ఎవరూ రాలేదు. తెర మీద "కాజా పట్టుకున్నాడు" అని అందరికీ కనబడేలా అక్షరాలు పడేవి. పద్ధతి ప్రకారం ఏ తప్పూ లేదు. ఇరవై నాలుగ్గంటలూ నడిచే యుద్ధంలో నిద్రపోయినవాడిదే తప్పు అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం మా నాన్నమ్మ మేడ మీదకొచ్చింది. ఆవిడకి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. స్పీకర్లోంచి బాంబుల మోత వస్తోంది. కుర్చీలో కూర్చుని కాసేపు చూసి, "ఏవిట్రా ఇది?" అంది. చెప్పాను. పక్కన సముద్రంలో విమానవాహక నౌక ఉందని, దాని మీద నుంచి లేచిన విమానాలని చూపించాను.

ఆవిడ తెర వైపే చూస్తూ, "మన ఊరి మీదా ఇలాగే వచ్చాయిరా, సముద్రం మీంచి" అంది.

1942 ఏప్రిల్ 6. జపాన్‌వాళ్ళ ర్యూజో నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. నాన్నమ్మకి అప్పుడు పదేళ్ళు. రేవు వైపు పొగ లేవడం, వాళ్ళ నాన్న అందర్నీ ఎడ్లబండి ఎక్కించి పల్లెకి తోలుకుపోవడం, దారంతా జనం. ఇవన్నీ నేను ఇంతకుముందు విన్నవే. కానీ ఆ రోజు ఒక మాట కొత్తగా అంది. "ఎవరూ లేరురా అడ్డం. మనవైపు విమానం ఒక్కటీ కనబడలేదు. వాళ్ళు వాళ్ళ ఇష్టమొచ్చినట్టు తిరిగారు."

నేను ఆట ఆపేశాను. ఆవిడ కిందకి వెళ్ళాక మళ్ళీ పెట్టాను, కానీ ఖాళీ ఊరి మీదకి వెళ్ళబుద్ధి కాలేదు. ఆ తర్వాత నుంచి శనివారం సాయంత్రాలు నా పని మారింది. మా దేశం సరిహద్దులో ఏ స్థావరం మ్యాపు మీద మినుకుమంటే అక్కడికి వెళ్ళి కాపలా కాసేవాణ్ణి. మినుకుమంటే ఎవరో దగ్గరికి వచ్చారని గుర్తు. ఎక్కువగా ఒక్కడే వచ్చేవాడు, నాలాగే పొద్దు కలవని దేశంలో ఉన్నవాడు. ఇద్దరమే ఒక స్థావరం కోసం గంటసేపు కొట్టుకునేవాళ్ళం. వాడు ఊరు కూల్చి బండి తెచ్చేలోపు నేను బండి ఎక్కడుందో వెతకాలి. ఏ కొండ చాటున పెట్టాడో, ఏ దారిన వస్తాడో. నేనే వాడైతే ఎలా వస్తానో ఆలోచించి, పెద్దాయన నేర్పినవన్నీ తిరగేసి వాడేవాణ్ణి. నా మొత్తం ఆటలో నాకు బాగా ఇష్టమైన రోజులు అవే. పట్టిన స్థావరాల నంబర్లు ఒక్కటీ గుర్తులేవు. కాపాడినవి చెప్పమంటే ఇప్పుడు కూడా నాలుగైదు చెప్పగలను.

పెళ్ళి, ఉద్యోగం, హైదరాబాద్. ఆట ఆగిపోయింది.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్ళినప్పుడు పాత హార్డ్ డిస్క్ దొరికింది. అందులో ఫిల్ములు. ఏసెస్ హైలో మనం ఎగిరినదంతా రికార్డు చేసుకుని తర్వాత ఏ పక్క నుంచైనా తిప్పి చూసుకోవచ్చు. మావాడికి పన్నెండేళ్ళు, ఫోన్‌లో తుపాకుల ఆట ఆడతాడు. పాత బొమ్మలు చూసి నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. డకోటా ఫిల్ము పెట్టాను. పది గొడుగులు, పరుగు, పదోవాడు పడిపోవడం. మావాడు "అయ్యో" అన్నాడు. గూఢచారి సంగతి చెప్పాను.

"ముందుది కూడా ఉందిగా, అది పెట్టు నాన్నా" అన్నాడు. పీ-47ది. ఆ రాత్రి నేనే రికార్డు చేసి పెట్టుకున్నది, అందులో ఏముందిలే, ఒక బాంబు తప్పి మట్టిలో పడింది అని ఒక్కసారి కూడా తెరవనిది.

పెట్టాను. వాడు మౌస్ తీసుకుని ఊరి మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఆగు. ఈ గోడ పక్కన ఏంటది?"

దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు ఇళ్ళ మధ్య సందులో ఓస్టీ. మ్యాప్ రూమ్ గుమ్మానికి ఎదురుగా. మేం డకోటా మాట ఎత్తకముందే, నేను డకోటా ఎక్కడానికి ముందే, అతను అక్కడికొచ్చి ఆగి ఉన్నాడు. పక్కన ఇళ్ళు ఒక్కొక్కటే కూలుతున్నాయి. నా బాంబు మట్టిలో పడింది కూడా అతనికి దగ్గర్లోనే. నా విమానం నేరుగా అతని తుపాకీ ముందు నుంచి రెండుసార్లు వెళ్ళింది. తుపాకీ నాతోపాటు మెల్లగా తిరిగింది, ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి. కాల్చలేదు. కాలిస్తే ఎక్కడున్నాడో మాకు తెలిసిపోయేది. నలభై నిమిషాలకి పైగా ఆ సందులో అలాగే ఉన్నాడన్నమాట, ఎవరో ఒకరు డకోటా తెస్తారని.

మావాడు ఫిల్ము వెనక్కి తిప్పి ఆ తుపాకీ తిరగడం మళ్ళీ చూశాడు. "నాన్నా, ఇతను సెల్యూట్ పంపాడన్నావు. నువ్వు తిరిగి పంపావా?"

లేదన్నాను. తెర మీద ఆ ఓస్టీ పక్కన అతని పేరు ఉంది. కాగితం మీద రాసుకున్నాను.